నలభై అయిదు మందితో కొండ ఎక్కడం ఎలా? ఉదయగిరి దుర్గం, భైరవకోన యాత్ర

కార్తీకం దాటితే చాలు, నా ఫోను ఊరుకోదు. "అన్నా, మా అపార్ట్‌మెంటోళ్ళం నలభై మందిమి ఉన్నాం, ఉదయగిరి ఎక్కొచ్చా? బస్సు మాట్లాడితే చాలు గదా?" అని అడుగుతారు. చాలదు. ఈ పని మొత్తంలో బస్సు మాట్లాడటమే అన్నిటికన్నా తేలిక. అడిగిన ప్రతి ఒక్కరికీ అరగంట చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను.

అయిదారుగురు వెళ్తే అది షికారు. నలభై మంది వెళ్తే పెళ్ళి. పెళ్ళిలో విడిదికొకరు, వడ్డనకొకరు, సామానుకొకరు ఉన్నట్టే ఇక్కడా ఉండాలి. "అందరం కలిసి చూసుకుందాంలే" అన్న చోట ఎవరూ చూసుకోరు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటేనే కిందిది చదవండి.

ఉదయగిరి దుర్గమంటే కొండ మీది పాత కోట, భైరవకోన అంటే కొండను తొలిచిన శివాలయాలూ జలపాతమూ ఉన్న చోటు. ఇది నెల్లూరు నుంచి బయల్దేరేవాళ్ళకి రాసిన లెక్క. ఒంగోలు, కందుకూరు, కావలి వాళ్ళు దారి మార్చుకుంటే సరిపోతుంది, మిగతాదంతా ఒకటే.

కావలసినవి

- రెండు మినీ బస్సులు, వాటితోపాటు ఒక కారు. కారు ఎందుకో కింద చెప్తాను.
- 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రోజుకు 7. మనిషికి 3 లీటర్లు, 45 మందికి 135 లీటర్లు. 7 క్యాన్లంటే 140. సరిగ్గా సరిపోతుందంటే తక్కువైందని అర్థం, ఒకటి అదనంగా వేసుకోండి.
- మనిషికి రెండు లీటరు సీసాలు, వీపు సంచిలో. చేతి సంచి పనికిరాదు, రాళ్ళ దగ్గర చేతులు ఖాళీగా ఉండాలి.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు 50, పల్లీ చిక్కీ, బెల్లం, నిమ్మకాయలు, ఉప్పు.
- మందుల పెట్టె: దూది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ నాలుగు, కత్తెర, యాంటీసెప్టిక్, జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు. బీపీ, షుగరు మందులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి, ఒక పూట ఎక్కువే తెచ్చుకోవాలి.
- ఈలలు 8, టార్చిలైట్లు 8, పది మీటర్ల గట్టి తాడు ఒకటి.
- చెత్తకు పెద్ద గోనె సంచులు 4.
- కాగితం మీద రాసిన పేర్ల పట్టీ, మూడు కాపీలు. ఫోనులో ఉందిగా అనకండి. సిగ్నలూ చార్జింగూ పోయేది సరిగ్గా ఆ పట్టీ అవసరమైనప్పుడే.

1. చూసే చోట్లు రెండే పెట్టుకోండి

అందరూ చేసే మొదటి తప్పు ఇక్కడే. ఉదయగిరి, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, పెంచలకోన, వీలైతే కంభం చెరువు, అన్నీ రెండు రోజుల్లో చుట్టేద్దామంటారు. నలుగురు కారులో వెళ్తే కుదురుతుందేమో. 45 మంది టీ తాగడానికి ఆగితే నలభై నిమిషాలు. ఎవరూ కావాలని ఆలస్యం చెయ్యరు, మంది ఉంటే అంతే.

నేను చెప్పేది ఇది. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఉదయగిరి చేరి పడుకోవాలి. శనివారం దుర్గం. ఆ రాత్రి కూడా అక్కడే. ఆదివారం పొద్దున భైరవకోన, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. రెండే చోట్లు. ఇంకొకటి కలుపుదామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

2. తేదీ ఎంచుకోండి

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా తుపాన్ల భయం. మార్చి దాటితే ఆ రాళ్ళ మీద కాలు పెట్టలేరు, రోహిణి కార్తె సంగతి సరేసరి. కాబట్టి డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి రోజులు. కోనలో నీళ్ళు కూడా అప్పటికి ఇంకా ఉంటాయి.

కార్తీక పౌర్ణమి, శివరాత్రి రోజుల్లో భైరవకోనకు ఇంత మందితో పోవద్దు. దేవుడి మీద భక్తి ఉంటే నలుగురు విడిగా వెళ్ళి రండి. ఆ జనంలో మీ 45 మందిని ఒకచోట నిలబెట్టడం ఎవరి వల్లా కాదు.

సరిచూసుకోవడం ఎలా: బయల్దేరే ముందు మూడు రోజుల వాతావరణ సూచన చూడండి. నెల్లూరులో వాన ఉందా లేదా అని కాదు, కొండ మీద ఉందా అని. సీతారామపురం, ఉదయగిరి మండలాల్లో మీకు తెలిసినవాళ్ళుంటే ఫోన్ చేసి అడగండి.

3. డబ్బు ముందే వసూలు చెయ్యండి

మొహమాటం ఉంటే ఈ పని పెట్టుకోకండి. బస్సు బాడుగ మంది తగ్గారని తగ్గదు. ఉదాహరణకు బాడుగ 30,000 అనుకుందాం. 45 మంది వస్తే తలకు 667 రూపాయలు. చివర్లో తొమ్మిది మంది జారుకుంటే మిగిలిన 36 మందికి తలకు 833. ఆ తేడా ఎవరు కట్టాలన్న దగ్గర స్నేహాలు పోతాయి.

అందుకని రెండు వాటాలు చెయ్యండి. బండి, విడిది వాటా తిరిగి ఇచ్చేది లేదు. తిండి వాటా మాత్రం మూడు రోజుల ముందు చెప్తే తిరిగి ఇస్తాం. ఈ మాట మొదటి రోజే గ్రూపులో రాసి పెట్టండి. మొత్తం మీద పదిహేను శాతం కలిపి వసూలు చేసి, మిగిలితే ఆఖర్న పంచేయండి. తక్కువ పడి దారిలో అడిగే కన్నా మిగిలి పంచడం మర్యాద.

4. బండి మాట్లాడండి

పెద్ద బస్సు ఒకటా, మినీ బస్సులు రెండా? నా ఓటు రెండింటికే. ఒకసారి మేము 49 సీట్ల బస్సు మాట్లాడుకున్నాం. బాడుగకు ఇచ్చినాయన దాని బదులు ఇంకా పొడుగు బండి పంపాడు, ఎక్కువ సీట్లు గదా అని మేమూ సంతోషించాం. చివర్లో ఒక పల్లె మలుపులో అది తిరగలేదు. ముసలివాళ్ళూ పిల్లలూ దిగి రెండు కిలోమీటర్లు ఎండలో నడిచారు. సీట్లు మిగిలాయని సంబరపడినవాళ్ళం మళ్ళీ నోరెత్తలేదు.

ఆర్టీసీ డిపోల్లోనూ బస్సులు అద్దెకిస్తారు. డ్రైవరు గురించి దిగులు ఉండదు, మంచిదే. అయితే అందులో కూడా చివరి పది కిలోమీటర్ల దారి ఎలా ఉందో మీరే కనుక్కోవాలి.

మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: డ్రైవరు ఆ దారిలో ఇదివరకు వెళ్ళాడా? రాత్రి పడుకునే చోటు, తిండి ఎవరిది? డీజిలు బాడుగలో కలిసిందా, కిలోమీటరు లెక్కా? స్టెప్నీ, జాకీ ఉన్నాయా? చివరి ప్రశ్నకు "ఉన్నాయి సార్" అంటే నమ్మకండి. డిక్కీ తీయించి చూడండి.

కారు ఎందుకంటే, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళను ఆస్పత్రికి తీసుకుపోవాలి. దానికోసం బస్సును పంపితే మిగిలిన నలభై మందీ రోడ్డు మీద ఉంటారు. ఈ కారులో సామాను నింపొద్దు, వెనక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

5. చెప్పి వెళ్ళండి

మనం పోయే ఈ వెలికొండలు ఎర్రచందనం ఉన్న కొండలు. కొత్తమొహాలు సంచులేసుకుని గుంపుగా అడవిలోకి పోతుంటే ఫారెస్టువాళ్ళు ఆపుతారు, ఆపాలి కూడా. వారం ముందే అటవీ రేంజి ఆఫీసుకు వెళ్ళి, ఎంతమంది, ఏ రోజు, ఎక్కడికి అన్నది రాసిన కాగితం ఇచ్చి, వెళ్ళొచ్చో లేదో అడగండి. వద్దంటే మానుకోండి. పోలీసు స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి వెళ్తే, సాయంత్రానికి దిగకపోతే వెతకడానికి ఒకరికైనా గుర్తుంటుంది.

కొండ దారి తెలిసిన స్థానికులను ఇద్దరిని మాట్లాడుకోండి, ఒకరు చాలరు. గొర్రెలు మేపుకునేవాళ్ళకు తెలిసినంతగా ఆ కొండ ఎవరికీ తెలియదు. కూలి ముందే మాట్లాడి, వాళ్ళకూ మీతో పాటే తిండి పెట్టండి.

6. జట్లు కట్టండి

రాసినదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

45 మందిని తొమ్మిదేసి మంది చొప్పున 5 జట్లు చెయ్యండి. ప్రతి జట్టుకూ ఒక పెద్ద. ఒకే ఇంటివాళ్ళను విడదీయకండి, కానీ కుర్రాళ్ళందరినీ ఒకే జట్టులో వెయ్యకండి. అలా వేస్తే ఒక జట్టు కొండ మీద ఉంటుంది, నాలుగు జట్లు వాళ్ళను వెతుకుతుంటాయి.

జట్టుపెద్దలు కాక ఇంకో ఇద్దరు కావాలి. ఒకరు ముందు నడుస్తారు, వాళ్ళను దాటి ఎవరూ పోకూడదు. ఒకరు అందరి వెనక నడుస్తారు, వాళ్ళ వెనక ఎవరూ ఉండకూడదు. వెనక నడిచే మనిషి ఓపికమంతుడై ఉండాలి. చమత్కారాలు చేసి నవ్వించేవాడైతే మరీ మంచిది, వెనకబడినవాళ్ళకు కాళ్ళకన్నా ముందు మనసు అలిసిపోతుంది.

ప్రతి మనిషికీ 1 నుంచి 45 దాకా ఒక నంబరు ఇవ్వండి. ఎక్కడ ఆగినా, కదిలినా, ఎవరి నంబరు వాళ్ళు వరసగా పలకాలి. పిల్లలు దీన్ని ఆటలా చేసుకుంటారు, సిగ్గుపడేది పెద్దవాళ్ళే.

ఇంత చాదస్తం ఎందుకంటారా? ఆత్మకూరు దగ్గర టీ తాగి బయల్దేరుతూ నేను "అందురూ ఎక్కారా?" అని అరిచాను. "ఆ, ఎక్కినాం అన్నా!" అని బస్సు మొత్తం అరిచింది. అరగంట తర్వాత మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏందిరా అబ్బయా, నన్ను టీ కొట్టుకు అమ్మేసి పోయారా?" అన్నాడు. లేనివాడు లేనని అరవలేడు గదా. "అందరూ ఎక్కారా" అన్నది ప్రశ్న కాదు. "మీ జట్టులో ఎంతమంది?" అన్నది ప్రశ్న, జవాబు అంకె అయి ఉండాలి.

సరిచూసుకోవడం: ఇంటి దగ్గర బస్సెక్కేటప్పుడే రెండుసార్లు నంబర్లు పలికించండి. మూడు నిమిషాల్లోపు అయిపోతే మీ జట్లు సరిగ్గా ఉన్నట్టు. అయిదు నిమిషాలు దాటితే ఏదో జట్టుపెద్ద పని చెయ్యట్లేదు, అప్పుడే మార్చేయండి.

7. విడిది, తిండి

ఇంత మందికి లాడ్జీ గదులు ఒకేచోట దొరకడం కష్టం. ముహూర్తాలు లేని రోజుల్లో కల్యాణ మండపం అడగండి. హాలు ఎంత పెద్దదో చూడొద్దు, మరుగుదొడ్లు ఎన్నో లెక్కపెట్టండి. తొమ్మిది మందికి ఒకటి లేకపోతే తెల్లవారి 6 గంటలకు కొండ దగ్గర ఉండటం కల్ల. కుళాయి తిప్పి, లైటు వేసి, గడియ పడుతోందో లేదో చూసి అడ్వాన్సు ఇవ్వండి. ఆడవాళ్ళు ఇబ్బంది పడితే పైకి చెప్పరు, నీళ్ళు తాగడం మానేస్తారు. మర్నాడు కొండ మీద కళ్ళు తిరిగేది అందుకే. దారిలో ఆగే చోట్లు కూడా మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులై ఉండాలి.

కొండ ఎక్కే పొద్దున ఇడ్లీ, అరటిపండు. పూరీ వద్దు, కారం దోసె అసలే వద్దు. మన నెల్లూరోళ్ళకు ఈ మాట మింగుడుపడదు, తెలుసు. దిగొచ్చాక తినండి, పది తిన్నా ఎవరూ అడగరు.

కొండ మీదికి పులిహోర పొట్లాలు. పెరుగన్నం తీసుకుపోవాలంటే గోరువెచ్చని అన్నంలో ఎక్కువ పాలు పోసి, ఒక చెంచా పెరుగు వేసి కలపండి. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. పొద్దున్నే పెరుగు కలిపితే పన్నెండింటికి పులిసిపోతుంది. అడవిలో పొయ్యి పెట్టడం అన్న ఆలోచనే రానివ్వకండి, ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

నీళ్ళు క్యాన్లవే తాగండి. కనిగిరి వైపు ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. అక్కడివాళ్ళే కొనుక్కుని తాగుతున్నారు.

8. దుర్గం ఎక్కండి

దుర్గం కొండ సముద్ర మట్టానికి 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి కూర్చోవాల్సి వచ్చింది, 1514లో గాని చిక్కలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. అంతటి రాయలవారికే అంత కాలం పట్టిన కొండను మనం ఒక పూటలో ఎక్కి దిగుతామంటున్నాం, కాస్త ఒద్దికగానే ఉండాలి.

ఎవరు ఎక్కాలి అన్నది ముందు తేల్చండి. రెండు వారాల ముందు నెల్లూరు దగ్గరి నరసింహకొండ మెట్లెక్కి చూడమనండి. కందుకూరు వైపువాళ్ళయితే మాలకొండ, కానీ అక్కడ దర్శనం శనివారమే, ఆ రోజు జనం ఎక్కువ. ఆగకుండా ఎక్కి, పైన మామూలుగా మాట్లాడగలిగితే దుర్గానికి రావచ్చు. రొప్పుతూ మాట రాకపోతే కిందే ఉండాలి. వయసుతో పని లేదు. అరవై రెండేళ్ళ మా పెద్దమ్మ ఎక్కింది, ముప్పై ఏళ్ళ మేనల్లుడు సగంలో కూలబడ్డాడు.

- తెల్లవారి 6కి నడక మొదలుపెట్టాలి. డిసెంబరులో అప్పటికి వెలుగు వస్తూ ఉంటుంది.
- చెప్పులు వద్దు. అడుగున గాట్లున్న బూట్లు కావాలి. కొత్తవి కొనుక్కుంటే పది రోజులు తొడుక్కుని అలవాటు చేసుకోండి, లేకపోతే బొబ్బలు.
- మెట్లు ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట రాళ్ళే. ముళ్ళ పొదలు అడ్డం వస్తాయి, నిండుచేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. పంచెలు, చీరలు కిందివాళ్ళకు.
- అరగంట నడక, అయిదు నిమిషాల ఆగడం. ముందున్నవాళ్ళు ఆగి, వెనకవాళ్ళు చేరగానే లేచి పోతారు. అది అన్యాయం. చివరి మనిషి వచ్చి కూర్చున్నాక అయిదు నిమిషాలు లెక్కపెట్టండి.
- దాహం వేసేదాకా ఆగకుండా ఆగిన ప్రతిసారీ నాలుగు గుక్కలు తాగాలి. మొదటి సీసా సగం దారికల్లా అయిపోతే ఆ మనిషిని అక్కడి నుంచే తోడిచ్చి దింపండి, పై నీళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. పైన కోనేళ్ళున్నాయి, ఆ నీళ్ళు తాగేవి కావు, దిగేవి అంతకన్నా కావు.
- ఎక్కడ ఉన్నా సరే, 10:30కి వెనక్కి తిరగాలి. ఇంకో పావుగంటలో పైకి చేరతామన్నా సరే. ఆ పావుగంట నలభై మందికి గంట అవుతుంది, పన్నెండు గంటల ఎండలో రాయి మీద దిగాల్సి వస్తుంది.

పైన ప్రాకారాలు, గుళ్ళ శిథిలాలు, మసీదులు ఉన్నాయి. పాత గోడల మీదికి ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి. వందల ఏళ్ళ సున్నం పట్టు వదిలేసిన రాళ్ళవి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే పిల్లలను కనిపెట్టి ఉండటం ముందు నడిచే మనిషి పని.

దిగేటప్పుడే కాళ్ళు మడతపడేది. ఎక్కేశాం గదా అన్న ధైర్యంతో పరిగెడతారు. మడమ బెణికితే బూటు విప్పకుండా పైనుంచే క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఇద్దరు చెరో పక్క పట్టి దింపండి. విప్పితే వాచి మళ్ళీ ఎక్కదు.

తేనెటీగల మాట వేరే చెప్పాలి. రాతి చరియలకు పెద్ద పెద్ద తుట్టెలుంటాయి. అత్తరు, సెంటు పూసుకోవద్దు, స్పీకరు పెట్టొద్దు, పొగ అసలే వద్దు. లేస్తే మొహం కప్పుకుని పరిగెత్తడమే, చేతులు విసరకూడదు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం వంటివి చెయ్యకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, మోసుకుని దింపి కారెక్కించండి. అలాంటప్పుడు ఉదయగిరి ప్రభుత్వాసుపత్రి, అక్కడి నుంచి అవసరమైతే ఆత్మకూరు. సిగ్నలు ఉన్నచోట 108. ఏ ఆస్పత్రిలో పాముకాటు మందు ఉందో శుక్రవారమే కనుక్కుని ఉంచుకుంటే ఆ పూట వెతుక్కునే పని ఉండదు.

9. ఎక్కనివాళ్ళకు పని చూపించండి

వీళ్ళను అందరూ మర్చిపోతారు. మండపంలో కూర్చోబెట్టి పోతే మధ్యాహ్నానికి అలకలు మొదలవుతాయి. కింద రంగనాయకుల గుడి ఉంది. ఊళ్ళో చెక్క గరిటెలు, ఫోర్కులు, చెంచాలు చేసే ఇళ్ళున్నాయి. ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, అడిగితే ఎలా చెక్కుతారో చూపిస్తారు. నాలుగు గరిటెలు కొనండి, బేరం మరీ గీచి ఆడకండి. కొన్న గరిటెను కొద్దిగా నూనె రాసి వాడితే పగుళ్ళు రావు.

కిందివాళ్ళకూ ఒక జట్టుపెద్ద ఉండాలి. పైవాళ్ళు 1 గంటకు దిగకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆయన దగ్గర రాసి ఉండాలి.

10. భైరవకోన

ఉదయగిరి నుంచి సీతారామపురం వైపుగా పోవచ్చు, పామూరు మీదుగా చంద్రశేఖరపురం వైపు నుంచీ రావచ్చు. ఒంగోలువాళ్ళు కనిగిరి మీదుగా వస్తారు. శనివారం సాయంత్రమే కారులో ఒకరిని పంపి దారి ఎలా ఉందో చూడమనండి, మినీ బస్సు ఎక్కడ తిప్పుకోవచ్చో చూసి రమ్మనండి.

ఇక్కడ ఒకే కొండను తొలిచి చేసిన 8 శివాలయాలున్నాయి, పక్కనే జలపాతం. 45 మంది ఒక్కసారి గుహల మీద పడితే ఎవరూ ఏమీ చూడరు. మూడు గుంపులు చెయ్యండి. ఒక గుంపు గుహల దగ్గర, ఒకటి జలపాతం దగ్గర, ఒకటి నీడలో తిండి దగ్గర. 45 నిమిషాలకొకసారి ఈల ఊది మార్చండి.

పిల్లలకు నేను పెట్టే పందెం ఒకటుంది. ఎనిమిదిట్లో ఏడు గుళ్ళు తూర్పు చూస్తాయి, ఒకటి మాత్రం ఉత్తరం చూస్తుంది, అదేదో కనిపెట్టమంటాను. పెద్దవాళ్ళూ వెనకాలే వస్తారు, ద్వారపాలకులను చూస్తారు, ముప్పావుగంట తెలియకుండా గడిచిపోతుంది. శిల్పాల మీద చెయ్యి పెట్టడం, పసుపు కుంకుమలు పులమడం చెయ్యొద్దని ముందే చెప్పండి.

ఇక జలపాతం. దుర్గం కన్నా ప్రమాదం ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఎవరికీ భయం ఉండదు.

- రాళ్ళ మీద పాచి ఉంటుంది. నిలబడి నడవొద్దు, అనుమానం ఉన్నచోట కూర్చుని జరగాలి.
- ధార పైకి ఎక్కనివ్వకండి, ఎంత బతిమాలినా.
- గుంపుకు ఇద్దరు పెద్దలు ఒడ్డునే పొడిబట్టలతో ఉండాలి. వాళ్ళూ తడిస్తే కాపలా లేనట్టే.
- నీళ్ళ రంగు మట్టిగా మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా వెంటనే అందరూ బయటికి రావాలి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, పైన కొండలో వాన పడి ఉంటుంది.
- మందు తాగినవాడిని నీళ్ళ దగ్గరికి రానివ్వొద్దు. అసలు యాత్రలోనే మందు వద్దని డబ్బు వసూలు చేసేటప్పుడే చెప్పండి. కోపం వచ్చి మానుకునేవాళ్ళు మానుకోనీ, బాడుగ వాటా ఎలాగూ కట్టేశారు.

కోతులు తిండి సంచులను బాగా గుర్తుపడతాయి. ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని నడవడమంటే వాటిని పిలవడమే. తిండి స్టీలు క్యాన్లలో, మూత బిగించి ఉంచండి.

వచ్చేముందు గోనె సంచులు తీసుకుని ఒక జట్టు మొత్తం చోటంతా తిరగాలి. మీది కాని చెత్త కూడా నాలుగు ఎత్తండి, ఏం పోదు.

పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఎక్కువుంటే

దుర్గం మానేసి పెంచలకోన పెట్టుకోండి. రాపూరు మీదుగా దారి, బస్సు గుడి దాకా పోతుంది, పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని పొద్దుటికి పొద్దు ఇంటికి చేరొచ్చు. చుట్టూ అడవి అభయారణ్యం, కాబట్టి పైకి జలపాతం వైపు పోవాలంటే అక్కడి సిబ్బందిని అడిగాకే. నరసింహస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు, శనివారాల్లో రద్దీ. మంగళ, బుధవారాలు హాయి.

జంతువులను చూడాలని పిల్లలు పట్టుబడితే దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. జీపులో కొద్దిమందే పడతారు, 45 మందికి వంతులు వేసుకుంటే చాలా సేపు పడుతుంది, ముందే కనుక్కోండి. అది పులుల అభయారణ్యం దారి. రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బండ్లను వదలరు. తొమ్మిదిన్నరకు గేటు దగ్గరికి చేరి బతిమాలితే లాభం లేదు, బస్సులోనే నిద్ర.

11. తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం 3కి బండి కదలాలంటే 2 అని చెప్పండి. అబద్ధమే, అయినా ఫర్వాలేదు. కదిలే ముందు నంబర్లు పలికించి, కర్రలు, కళ్ళద్దాలు, చార్జర్లు, పిల్లల బూట్లు ఉన్నాయో చూడమనండి. డ్రైవర్లు మధ్యాహ్నం గంట పడుకున్నారో లేదో అడిగి తెలుసుకోండి. లేకపోతే గంట ఆలస్యమైనా పడుకోనివ్వండి. వచ్చేదారిలో బస్సంతా నిద్రపోతుంది, డ్రైవరు పక్కన ఒకరు మెలకువగా కూర్చుని కబుర్లు చెప్పాలి. ఆ పని నేనెప్పుడూ మా బాబాయికే ఇస్తాను, టీ కొట్టు సంగతి ఆయన దోర్నాలదాకా చెప్పగలడు.

బిల్లులన్నీ ఫొటో తీసి అదే రాత్రి గ్రూపులో పెట్టండి. మర్నాడు పెడదామంటే వారం పడుతుంది, వారానికి ఎవరి లెక్క వాళ్ళకు గుర్తుంటుంది.

ప్రతి ఒక్కరూ ఇల్లు చేరాక తమ నంబరు మాత్రం గ్రూపులో వెయ్యాలి. 45 నంబర్లూ వచ్చాకే మీరు పడుకోండి. పోయినసారి 31 రాలేదు. పదకొండున్నర దాకా ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి వాళ్ళావిడ ఎత్తి, "మెట్ల మీదే కూర్చుని నిద్రపోతున్నాడన్నా, బూట్లు విప్పే ఓపిక కూడా లేదంట" అంది.